మూడో కెమెరాలో కనబడేవాళ్లు

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు అండాలు గేటు గదిలోని తెరను కొంగుతో తుడిచింది. రోజూ ఆ వేళకే తుడుస్తుంది. అచ్చంపేట శివారు బాలికల గురుకులంలో ఆమె పగటి కాపలా మనిషి. డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా.

జూలై నాలుగున, బడుల భద్రతకు సర్కారు ఇచ్చిన నిధులతో అక్కడ ఎనిమిది కెమెరాలు బిగించారు. ఏడు కెమెరాలు ఉన్నవాళ్లను చూపిస్తాయి. గేటు మీది మూడో కెమెరా రావాలనుకున్నవాళ్లను కూడా చూపిస్తుంది. పుణెలో సిమెంటు మోసే తండ్రి బిడ్డ యాదికొచ్చి తట్ట దించాడంటే, ఆ క్షణాన ఇక్కడ తెర మీద గేటు కడ్డీలు పట్టుకుని నిలబడతాడు. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు. జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన అధికారి అరగంట కూర్చుని చూసి, ఒక్క మాట చెప్పి పోయాడు. "తెర మీద కనబడినోళ్లందరూ రిజిస్టర్ల ఎక్కాలె. రికార్డింగుకు, రిజిస్టరుకు తేడా రావొద్దు."

అప్పటి నుంచి రాస్తున్నారు. పగటికొక రిజిస్టరు, రాత్రికొకటి. పేరు, సంబంధం, వచ్చిన పని. పని గడిలో అండాలు అందరికీ ఒకటే రాసేది: చూసిపోవాలని.

"అండాలవ్వా, మా బాపు వచ్చిండా?" ఏడో తరగతి అక్షిత కిటికీలో తల పెట్టింది.

"మూడింటికి వచ్చిండు. నెత్తికి తువ్వాల చుట్టుకున్నడు. గడ్డం గింత పెంచిండు."

"గడ్డం గీసుకొని రమ్మని చెప్పకపోయినవా?"

"చెప్తే ఇంటడా? నువ్వు ఇంటున్నవా, నెత్తి దువ్వుకోమంటే?"

పిల్ల నవ్వుతూ ఉరికింది. అండాలు మళ్లీ తెర వైపు తిరిగింది. ఐదు నెలల్లో ఎందరినో రాసింది. ఒక్క మనిషిని మాత్రం రాయలేదు.

మూడేళ్ల కింద ఆమె ఒక్కగానొక్క బిడ్డ సుచరిత, నందికొండలో చేపలు పట్టే సైదులును చేసుకుని వెళ్లిపోయింది. బస్టాండు నడుమ, పది మంది చూస్తుండగా, అండాలు అన్నది: "నేను సచ్చేదాక నా కంటికి కనబడకు." బిడ్డ తల వంచుకుని బస్సెక్కింది. కెమెరా పెట్టిన రోజే అండాలు కుర్చీ తెరకు ఎదురుగా జరిగింది. కనబడకు అన్నది తనే. రావాలని అనుకోవడానికి కూడా ఆ పిల్లకు మనసు రావడం లేదా అని కుమిలేదీ తనే.

డిసెంబరు పన్నెండున రాత్రి కాపలా గుర్వయ్య రావలసిన బస్సు దారిలో ఆగిపోయింది. అతను కెమెరాలతోపాటే వచ్చిన కొత్త మనిషి. ఆరు దాటినా అండాలు కుర్చీలోనే ఉంది.

ఆరు పదికి తెర మీద సుచరిత కనబడింది.

నిండు నెలల కడుపు. ఒక చెయ్యి నడుముకు ఆనించింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, వాటిని చేతిలో పట్టుకుంది. గేటు దాకా వచ్చి, వంగి, గదిలోకి చూసింది. చూడగానే మొహం తిప్పుకుని వెనక్కి మళ్లింది.

అండాలు గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఒక మేక తప్ప ఏమీ లేదు.

గుర్వయ్య రొప్పుతూ వచ్చాడు. "మాఫ్ చెయ్యక్కా, లేటయింది. ఎవరన్నా వచ్చిన్రా? రాయాలె గద."

"ఎవరూ రాలే," అన్నది అండాలు. నన్ను చూసి మొహం తిప్పుకున్న బిడ్డను ఏ గడిలో రాయను అనుకుంది.

కానీ ఆ పాదాలు వదల్లేదు. తెల్లారి ప్రిన్సిపాల్ సుహాసిని మేడం ముందు సెలవు చీటీ పెట్టింది.

"ఎటు పోతున్నవ్ అండాలూ?"

"నందికొండకు మేడం. తొలి కాన్పు పుట్టింట్ల గాకుంటే యాడ చేస్తరు? బిడ్డను తెచ్చుకుంట."

మేడం సంతకం పెట్టింది.

ఒడిబియ్యం, రవికె ముక్క, పసుపు, కుంకుమ సంచిలో పెట్టుకుని, దేవరకొండలో బస్సు మారి, మధ్యాహ్నానికి చేరింది. సుచరిత గడపలో కూర్చుని ఉంది. లేవబోయి లేవలేకపోయింది.

"కూసో. కాళ్లు గట్ల ఉబ్బినయ్, దవాఖానకు పోయినవా?"

"పోవాలె. నా కాళ్ల సంగతి నీకెట్ల తెలుసు?"

"నిన్న చూసిన."

సుచరిత ఎక్కడ అని అడగలేదు. కొంగు చాపింది. అండాలు బియ్యం పోసింది. పోస్తుంటే గింజలు కొన్ని గడప మీద పడ్డాయి.

"అత్తమ్మా, చాపల పులుసున్నది, తిని పోదురు," అన్నాడు సైదులు, వల పక్కన నిలబడి.

"కాన్పయినంక నువ్వే తెచ్చియ్యి. ఇప్పుడు బస్సుల వాసనకు నా బిడ్డ కక్కుకుంటది."

మూడేళ్లలో అల్లుడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

అచ్చంపేట దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి అప్పటికప్పుడు చేర్చుకుంది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. రెండు రోజులు ఆలస్యమైతే తల్లీబిడ్డలిద్దరూ దక్కేవాళ్లు కాదన్నది.

నెలాఖరున, రిజిస్టర్లు ఆఫీసులో ఇవ్వాలని మేడం అంటే, అండాలు రెండూ తీసింది. రాత్రి రిజిస్టరును ఆమె ఎన్నడూ విప్పలేదు. ఆ రోజు విప్పింది. గుర్వయ్యవి గుండ్రటి అక్షరాలు. జూలై నాలుగు నుంచి ప్రతి పేజీలో మొదటి వరుస ఒకటే:

పేరు: తెలియదు. ఒక పిల్ల. సంబంధం: తెలియదు. పని: గదిలోకి తొంగి చూసింది. పగటి కుర్చీలో అండాలక్క లేదని చూసుకుని, గేటు పట్టుకుని కాసేపు నిలబడి పోయింది.

డిసెంబరు పదకొండు దాకా నూట అరవై ఒక్క సాయంత్రాలు. అన్నిటికీ ఒకటే టైము: ఆరు పది.