పదకొండో నంబరు మంచం

ఈ వృద్ధాశ్రమం ఒకప్పుడు ఆసుపత్రి. మొదట జ్వరాల కోసం కట్టారట, నేను చేరేనాటికి అన్ని జబ్బులూ చూసేవారు. మగవాళ్ల వార్డుకు ముప్పయ్యేళ్లు హెడ్ నర్సును నేనే. ఆసుపత్రి మూతపడ్డాక ఆ వార్డుకే అడ్డగోడలు కట్టి గదులు చేశారు, గులాబీ రంగు వేశారు. చూస్తే ఒళ్లు మండుతుంది. వార్డుకు గులాబీ రంగేమిటి నా మొహం! నా కాళ్లు మాత్రం పాత లెక్కలోనే నడుస్తాయి. కిటికీ పక్కన తొమ్మిదో నంబరు మంచం, స్తంభం దగ్గర పదకొండు.

అందుకే కొత్తగా నా గదిలోకి వచ్చిన టీచరమ్మ ఓ సాయంత్రం ఆ స్తంభం దగ్గరి మంచం మీద కునుకు తీస్తుంటే, "పదకొండో నంబరూ, లేవమ్మా, టెంపరేచర్ చూడాలి!" అని తట్టి లేపాను.

ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది.

"మా ఆయన పోయింది పదకొండో నంబరు మంచం మీదే. ఇదేనా ఆ చోటు?"

నాలుక కరుచుకుని ఏం లాభం? అవునన్నాను.

"ఆరు కొట్టగానే, చూడ్డానికొచ్చేవాళ్ల టైమైపోయిందని నన్ను పంపేశారు. గంట తిరక్కుండానే పోయాడు. ఒంటరిగా పోయాడా సిస్టరమ్మా? ఇన్నేళ్లుగా అదే నన్ను తినేస్తోంది."

పంపింది నేనే అయ్యుంటాను. ఆరు దాటితే దేవుడొచ్చినా ఉండనిచ్చేదాన్ని కాదు, అంత పొగరు నాకు. ఎంత తన్నుకున్నా ఆయన మొహం గుర్తు రాలేదు. నీ పేరే తలచుకున్నాడమ్మా అనే అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆయన గుర్తులేడమ్మా. కానీ నా వార్డులో ఒక పద్ధతుండేది. పోయేవాళ్ల పక్కన స్టూలేసుకుని, చెయ్యి పట్టుకుని ఒకరు కూర్చోవాల్సిందే. ఆయా అయినా, నేనైనా. ఎవర్నీ ఒంటరిగా పోనివ్వలేదు. ఒట్టు."

"ఏ స్టూలు?"

హాల్లో పూలకుండీ కింద ఉంది, ఇనుపది. కుండీ దింపి స్టూలు మోసుకొస్తుంటే మేనేజరు, "అమ్మా, అమ్మా, ఏంటిది?" అంటూ వెంటపడ్డాడు.

"నీకంటే ముందొచ్చింది ఇది. తప్పుకో నాయనా!"

టీచరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఖాళీ పరుపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

హాల్లో గడియారం ఆరు కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడి లేవబోయింది.

"కూర్చో తల్లీ," అన్నాను. "టైమింకా కాలేదు."