ఉమ్మి గొట్టం

ప్యాంటు జేబు మూతికి నాలుగు కచ్చాకుట్లు వేశాకే ఆమె కాలి దగ్గర మడత విప్పింది. కుట్టు దుకాణానికి ఏ బట్ట వచ్చినా ముందు ఆ పనే. జేబులో ఉంగరం ఉందో, చిత్తుకాగితం ఉందో తనకు అక్కర్లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు కుట్లు విప్పడం మరిచిపోతుంది. నడివీధిలో జేబులోకి చెయ్యి దూరక తిరిగొచ్చినవాళ్లు చెడామడా తిట్టిపోయారు. అయినా మానలేదు, మొండిఘటం.

ఇస్త్రీ బల్ల దగ్గర కూతురు చొక్కా తిరగేస్తోంది. పొత్తిళ్లలో ఉండగా తెచ్చుకున్న పిల్ల. ఎవరి దగ్గర నుంచి తెచ్చుకుందో వీళ్లిద్దరికే తెలుసు.

తమ్ముడి కొడుకు వచ్చి మిషను మీద మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టాడు. వంశవృక్షం గీసి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టడం ఈమధ్య వాడికి పట్టిన పిచ్చి. గొట్టం మీద మరదలి పేరు అప్పుడే రాసేశాడు.

"మరదల్ని ఇందులో కాస్త ఉమ్మమను అత్తా. డీఎన్ఏ పరీక్షకి పంపిస్తే కన్నవాళ్లెవరో తేలిపోతుంది."

"దాన్ని అడిగావా?"

"వద్దంది. నువ్వు చెబితే వింటుంది."

"వింటుంది. అందుకే చెప్పను."

"మనవాళ్ల దగ్గర దాపరికమేంటి అత్తా? చెట్టులో తన దగ్గరే ఖాళీ."

"ఉండనీ. దాని పుట్టుక దాని సొంతం. చెప్పుకోవాలనిపిస్తే అదే చెప్పుకుంటుంది."

"సాయంత్రం వస్తా. ఈలోగా ఆలోచించు."

"ఉమ్మే కావాలంటే ఇప్పుడే నీ మొహాన ఉమ్మేదాన్ని. మేనల్లుడివైపోయావు."

వాడు నవ్వి, గొట్టం అక్కడే వదిలి వెళ్లాడు. ఆమెకు ఒళ్లు మండింది. కూతురు తనను అడక్కుండానే వద్దందని తెలిసి, అంతకు మించి గర్వం కలిగింది. డబ్బాలోని వంకరపోయిన సూదులన్నీ తీసి, తనలో తనే నవ్వుకుంటూ గొట్టంలో వేసింది.

ఎండ వాలాక మిషను చప్పుడు ఆగింది. అమ్మ కునుకు తీస్తోందనుకుని కూతురు చేతిలోని చొక్కా పూర్తిచేసి వచ్చింది. అమ్మ చెయ్యి చల్లబడి ఉంది.

మేనల్లుడు వచ్చేసరికి షట్టరు సగం దించి ఉంది. అత్త కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు ఆగాక మెల్లగా అన్నాడు.

"అత్త ఎలాగూ లేదు. ఇప్పుడైనా..."

"అమ్మ నీకోసం నింపి పెట్టింది బావా. తీసుకెళ్లు. గుచ్చుకుంటాయి, జాగ్రత్త."

వాడు తీసుకోలేదు. మూత బిగించిన గొట్టం మిషను మీదే ఉండిపోయింది, పైన వాడి రాతతో, లోపల నిండా ఆమె సూదులతో.