ఆసుపత్రిలో అంటిన జ్వరం

శోభనది కృష్ణగిరిలో జవుళి వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో వాళ్ళంతా గుడ్డ తడిమి నాణ్యం చెప్పేవాళ్ళు. ఆమెకు మాత్రం చిన్నప్పటి నుంచీ కంటికి కనిపించని వాటి మీదే ధ్యాస. చదువయ్యాక హోసూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా చేరి, రోజూ బస్సులో వచ్చిపోతూ ఉంది.

ఆ వారం ఐసీయూలో వరదప్ప అనే రైతు ఉన్నాడు. బాగలూరు దగ్గర క్యాప్సికం పండిస్తాడు. పేగుకు ఆపరేషన్ బాగానే జరిగింది. లేచి కూర్చుని, కాఫీ ఎప్పుడిస్తారని నర్సును అడిగాడు కూడా. అంతలో ఉన్నట్టుండి జ్వరం కమ్ముకుంది. ఏ యాంటీబయాటిక్ ఎక్కించినా దిగలేదు. అతని రక్తంలో దొరికిన క్రిమి మీద శోభన మామూలుగా వాడే మందులన్నీ వేసి చూసింది. అది దేనికీ లొంగలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ గురుమూర్తి తానే ల్యాబుకు వచ్చాడు.

"ఇంక ఆఖరి మందు మొదలుపెడతానమ్మా శోభనా. ఆయప్ప కిడ్నీలు అసలే అంతంతమాత్రం. అది వేస్తే ఇంకా దెబ్బ తింటాయేమో. అయినా ఏం చేసేది?"

"కొంచెం ఆగండి సార్. దీనికి ఇంత మొండితనమిచ్చిన జన్యువేదో చూస్తాను. ఎన్‌డీఎం అనే జన్యువుంటే కష్టమే. ఆక్సా-48 ఒక్కటే అయితే దాన్ని అణిచే కొత్త మందుంది. కిడ్నీలకు అంత చేటు చేయదు."

"బీపీ నిలకడగానే ఉంది. మధ్యాహ్నం దాకా చూస్తాను. అంతకు మించి ఆగలేను."

శోభన నమూనాను జన్యువులను వెతికే పీసీఆర్ యంత్రంలో పెట్టి తెర ముందు కూర్చుంది. ఏ జన్యువుంటే దాని గీత పైకి లేస్తుంది. ఎన్‌డీఎం గీత నేలబారుగానే పోతూ ఉంది. ఆక్సా-48 గీత కాసేపు కదలక, ఆపైన కొండెక్కినట్టు లేచింది. ఆమె అన్నం డబ్బా మూత తీయకుండానే ఫోనందుకుంది.

కొత్త మందు పడినాక వరదప్ప జ్వరం మెల్లగా తగ్గుముఖం పట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, శోభనకు నెమ్మది లేదు. పక్క మంచం రోగి మూత్రంలోనూ అదే క్రిమి, అదే జన్యువు కనిపించాయి. అంటే ఇది ఇంటి నుంచి వచ్చింది కాదు. ఆమె మంచాల కమ్ములు, గొట్టాలు, తలుపు పిడులు అన్నీ దూదిపుల్లతో తుడిచి చూసింది. చివరికి చేతులు కడిగే సింకు గొట్టంలో దొరికింది. బెంగళూరుకు పంపి జన్యుక్రమం చదివిస్తే ఇద్దరు రోగులదీ, సింకులోదీ మూడూ ఒకటేనని తేలింది. ఆసుపత్రి ఆ సింకును పీకించి గొట్టాలు మార్పించింది.

ఇక వరదప్ప భార్య కాంతమ్మకు చెప్పడం మిగిలింది. చెప్పి తీరాల్సిందేనన్నాడు గురుమూర్తి. శోభన తానూ వెంట వెళ్ళింది.

విన్న కాంతమ్మ ముఖం ఎర్రబడింది. "బాగు చేయించుకుందామని ఈడికి వస్తే, మీరే అంటించినారా?"

"అవునమ్మా. మా ఆసుపత్రిలోనే అంటింది. మా తప్పే," అన్నాడు గురుమూర్తి.

 కాంతమ్మ శోభన వైపు తిరిగింది. "ఆ పక్క మంచం ఆయమ్మ వాళ్ళకు చెప్పినారా?"

"ఇప్పుడు ఆడికే పోతా ఉన్నామమ్మా."

"పోయి చెప్పండి. నా కోపం నాకుంది. కానీ మీరు దాచిపెట్టుంటే నేనింక ఏ ఆసుపత్రి గడపా తొక్కేదాన్ని కాదు."

ఆ మాటతో శోభన గుండెల మీది బరువు సగం దిగింది. పక్క మంచం ఆమెకు జ్వరమంటూ ఏమీ లేదు. మందు అవసరమే పడలేదు. తర్వాత ఐసీయూ నుంచి వచ్చిన నమూనాల్లో ఆ జన్యువు మళ్ళీ కనిపించలేదు.

ఇంటికి పోయే రోజు వరదప్ప, భార్య చెయ్యి పట్టుకుని ల్యాబు దాకా నడిచి వచ్చాడు.

"అమ్మా, నన్నింత పాట్లు పెట్టిన ఆ పురుగును ఒకసారి చూపించు."

శోభన ఆ క్రిమిని పెంచి మూత సీలు చేసిన గాజు పళ్ళెం తెచ్చి అద్దం తలుపు అవతలి నుంచే చూపించింది. నిగనిగలాడే గులాబీ రంగు చుక్కలు. వరదప్ప వంగి, కళ్ళు చికిలించి చూశాడు.

"అరె, చూసేదానికి ముద్దుగా ఉందే!"

"ముద్దుగా ఉందని మూట కట్టించుకుంటావా ఏమి? పద, బస్సు పోతుంది," అని కాంతమ్మ అతన్ని లాక్కుపోయింది.

నడవా మలుపు దాకా వాళ్ళ వాదులాట వినిపిస్తూనే ఉంది. శోభన నవ్వుకుంటూ లోపలికి నడిచింది.