ముక్కుగారి తీర్పు

జూన్ పదకొండు, ఆదివారం. ఆ రోజు తిన్నది నిమ్మకాయ పిండిన చేప, పొట్టుతో సహా కాల్చిన ఉల్లిపాయలు, ఒక పక్క కాస్త మాడిన రొట్టె. రెండేళ్లు దాటినా ముక్కుగారికి ఆ తేదీ నోటికి వచ్చు. ఆ సాయంత్రమే పెరట్లో పాత గ్రిల్లు అడుగు ఊడిపోయి నిప్పులన్నీ గడ్డి మీద పడ్డాయి. ఆ రాత్రే ఆయనకు జలుబు చేసింది. పది రోజులకు జలుబు పోయింది కానీ, దాంతో పాటు వెళ్లిపోయిన వాసన తిరిగి రాలేదు. గ్రిల్లు పోయిందని ఇంటిల్లిపాదీ బాధపడ్డారు. ముక్కు పోయిన సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

చెప్పుకోలేకపోవడానికి కారణం ఉంది. గ్యాస్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారాయన. ఎవరింట్లోనైనా గ్యాస్ కారుతోందని ఫోన్ వస్తే వెళ్లి, ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఆయన పని. మిగతావాళ్లు సంచుల్లోంచి మీటర్లు తీసేలోపే ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "రెగ్యులేటర్ కాదు, ట్యూబు. గోడలోకి వెళ్లే చోట" అనేవారు. ఒకసారి బస్సులో వెళ్తూ, గ్యాస్ వాసన తగిలి మధ్యలో దిగిపోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపు కొట్టి, పొయ్యి ఆపించి మరీ వచ్చారు. అప్పట్నుంచి ఆఫీసులో, ఆ తర్వాత వీధిలో, చివరికి సొంత ఇంట్లో కూడా ఆయన ముక్కుగారే. పోయిన భార్య సైతం పక్కింటావిడతో "మా ముక్కుగారు ఇంకా రాలేదండీ" అనేది.

అలాంటి మనిషి "నాకు వాసన తెలియడం లేదు" అని ఏ మొహం పెట్టుకుని చెబుతారు? పైగా కూతురి మాట ఒకటి నెత్తిమీద కత్తిలా వేలాడుతోంది. పోయిన చలికాలం ఆయన కుళాయి కట్టడం మరిచిపోయి వంటిల్లు చెరువు చేశారు. కూతురు వచ్చి, చీపురు పుచ్చుకుని నీళ్లన్నీ బయటికి తోసి, నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పింది.

"ఇంకొక్క తేడా, నాన్నా. ఒక్కటంటే ఒక్కటే. ఈ ఇంటికి తాళం పడుతుంది, నువ్వు మా ఇంటికొచ్చేస్తావ్."

ప్రేమతోనే అంది. కూతురి ఇల్లు మంచిదే, రెండు బస్సులు మారితే వస్తుంది. కానీ అక్కడ ఆయన్ని వంటింట్లో అడుగు పెట్టనివ్వరు. ఇక్కడైతే పొద్దున్నే లేచి తన కాఫీ తనే కాచుకుంటారు. భార్య గరిట ఆవిడ కొట్టిన మేకుకే వేలాడుతుంటుంది. ఆ కాఫీకి వాసన లేకపోయినా వేడి ఉంది. గ్లాసు మొహం దగ్గర పెట్టుకుంటే ఆవిరి చెంపలకు తగులుతుంది. అంతవరకు మిగిలింది కదా అనుకునేవారు.

బయటపడకుండా నెట్టుకురావడం కూడా అలవాటయింది. ఎవరైనా గిన్నె మూత తీస్తే ముందు పక్కవాళ్ల మొహం చూసేవారు. వాళ్లు "ఆహా" అంటే తనూ "ఆహా" అనేవారు. వాళ్లు ముక్కు మూసుకుంటే తనూ మూసుకునేవారు. అలా రెండేళ్లు అరువు తెచ్చుకున్న ముక్కులతో గడిచిపోయాయి.

ఈ ఏడు కొత్త గ్రిల్లు కొందామన్న మాట లేచింది. అక్కడ మొదలైంది చిక్కు.

"గ్యాస్‌దే తీసుకుందాం మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. అతను లిఫ్టుల ఇంజనీరు. మీట నొక్కితే జరగని పని అతని కంటికి పనిలా ఆనదు. "ఇలా తిప్పితే మంట, అలా తిప్పితే బందు. బొగ్గయితే అరగంట కూర్చుని విసురుకోవాలి."

"మీట తిప్పి కాల్చుకునేదానికి పెరడెందుకయ్యా? వంటింట్లోనే కూర్చో," అన్నాడు ముక్కుగారి బావమరిది. అంటే పోయిన భార్యకు తమ్ముడు. బేకరీ నడుపుతాడు, మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. "బొగ్గంటే బొగ్గే. దాని రుచి వేరు. గ్యాస్ మీద కాల్చింది తిన్నా ఒకటే, ఇస్త్రీ పెట్టె మీద కాల్చింది తిన్నా ఒకటే!"

"మీరు చెప్పండి మావయ్యగారూ. ముప్పై ఏళ్లు గ్యాస్ కంపెనీలో చేసినవారు."

"బొగ్గు," అన్నారు ముక్కుగారు.

అల్లుడు తెల్లబోయాడు. "గ్యాస్ ఉప్పు తిన్నవారు, మీరే అలా అంటే ఎలాగండీ?"

అసలు కారణం ఆయన కడుపులో ఉంది. గ్యాసుకు సొంతంగా వాసన లేదు. కారితే తెలియాలని తయారుచేసేవాళ్లే అందులో కుళ్లు కంపు కలుపుతారు. మనిషి మీద మనిషి చూపించే దయల్లో ఇంత కంపు కొట్టేది ఇంకొకటి లేదని ఆయన కొత్త ఉద్యోగులకు చెబుతుండేవారు. ఆ దయ ఇప్పుడు ఆయన దాకా చేరడం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క సిలిండర్‌కే ఆయన రోజూ కాపలా కాస్తున్నారు, పెరట్లో రెండోదా? బొగ్గు అలా కాదు. ఎర్రగా కనిపిస్తుంది, చిటపటమంటుంది, పొగ కళ్లలో పడి ఏడిపిస్తుంది. నేనున్నానని నాలుగు రకాలుగా చెప్పి మరీ కాలుతుంది.

ఇదంతా పైకి అనే వీల్లేదు కాబట్టి, "విసురుకుంటే భుజాలకు మంచిది," అన్నారు.

"నీ భుజం నొప్పికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే కదా నాన్నా?" అంది కూతురు.

"అందుకే అంటున్నాను. వ్యాయామం."

కూతురు ఆయన్ని అదోలా చూసింది. అల్లుడు మాత్రం ఉషారుగా లేచి నిలబడ్డాడు.

"ఒక పని చేద్దాం. మా ఆఫీసులో ఒకాయన దగ్గర గ్యాస్ గ్రిల్లుంది, అడిగి తెస్తాను. చిన్నమావయ్యగారు బొగ్గుది తెస్తారు. వచ్చే ఆదివారం రెండిటి మీదా చికెన్ కాల్చి, మావయ్యగారి కళ్లకు గంతలు కట్టి తినిపిద్దాం. ఆయన ముక్కు కంటే పెద్ద కోర్టు ఎక్కడుంది? ఏ ముక్క దేని మీద కాలిందో చెప్పేస్తే బొగ్గు. చెప్పలేకపోతే తేడా లేనట్టే కాబట్టి గ్యాస్."

ముక్కుగారు అలవాటు ప్రకారం ముందు పక్కవాళ్ల మొహాలు చూశారు. "భేషుగ్గా ఉంది," అన్నారు.

ఆ వారమంతా ఆయన పరీక్షకు చదివే పిల్లాడిలా చదివారు. మలుపులో బొగ్గు మీద కాల్చే కొట్టు నుంచి ఒక పొట్లం, బస్టాండు ఎదుట గ్యాస్ మీద కాల్చే హోటలు నుంచి ఒక పొట్లం తెచ్చుకుని, తలుపేసుకుని, కళ్లు మూసుకుని నాలుకతో వెతికారు. వాసన లేని నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం తప్ప ఇంకేం తెలియవు. అయినా మంగళవారానికి ఒక దారి దొరికింది. గ్యాస్ ముక్క అంతటా ఒకేలా, గీతల నోటుబుక్కులా కాలుతుంది. బొగ్గు ముక్కకు ఎక్కడో ఒక మూల చేదుగా మాడిన పెళుసు ఉంటుంది. అదృష్టం బాగుంటే పంటి కింద రవ్వంత బూడిద. గురువారానికి ఎలా కలిపినా పట్టేస్తున్నారు. శుక్రవారం మజ్జిగ తప్ప ఇంకేం దిగలేదు.

ఆదివారం వచ్చింది. పెరట్లో ఒక పక్క అల్లుడు తెచ్చిన గ్యాస్ గ్రిల్లు మిలమిల మెరుస్తోంది. ఇంకో పక్క బావమరిది తెచ్చిన ఇనప పీపా గ్రిల్లు పొగ కక్కుతోంది. రెండిటికీ మధ్య న్యాయమూర్తికి కుర్చీ. కూతురు ఆయన కళ్లకు పొడుగాటి పలచని తువ్వాలు కట్టింది. వెనకాల దాని కొస కుర్చీ దాటి వేలాడింది.

మొదటి ముక్క. ముక్కుగారు నమిలారు. మూల, పెళుసు, చేదు.

"బొగ్గు."

"కరెక్ట్!" అని అరిచాడు బావమరిది.

రెండోది. అంతా ఒకటే. "గ్యాస్."

మూడో ముక్కలో పళ్ల కింద కరకరమంది. "బొగ్గు. అనుమానం లేదు."

అల్లుడు నోరెళ్లబెట్టాడు. "మావయ్యగారూ, మీరు మామూలు మనిషి కాదు!"

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ రెండేళ్లుగా మూలన పడి ఉన్న గౌరవం ఒక్కసారిగా లేచి కూర్చుంది. నాలుగో ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు గాలి పీల్చి, చేయి గాల్లో తిప్పుతూ మొదలుపెట్టారు.

"చూడు బాబూ, పొగలో రకాలుంటాయి. కొన్ని ముందు వచ్చి పలకరిస్తాయి. కొన్ని వెనక నుంచి మెల్లగా వస్తాయి. ముక్కు పట్టుకోవాల్సింది ఆ వెనక వచ్చేదాన్ని..."

సరిగ్గా అప్పుడే బావమరిది బొగ్గు కదిలించాడు. ఒక నిప్పురవ్వ ఎగిరి, వెనక వేలాడుతున్న తువ్వాలు కొస మీద వాలింది.

"ఏదో కాలుతున్నట్టు లేదూ?" అంది కూతురు, పళ్లేలు సర్దుతూ.

"గుడ్డ కాలుతున్న వాసన," అన్నాడు అల్లుడు. గబగబా గ్యాస్ గ్రిల్లు కింద వంగి చూశాడు.

ముక్కుగారు తల పంకించారు. ఇలాంటప్పుడు వెనకబడకూడదు. "అవునవును. నాకు ఇందాకట్నుంచే వస్తోంది. మన దగ్గర కాదులే. పక్కింటివాళ్లది," అని, గంతలతోనే గోడ వైపు ధీమాగా వేలు చూపించారు.

ఆయన చెవి వెనక నుంచి పొగ సన్నగా మెలికలు తిరుగుతూ పైకి లేస్తోంది.

మరుక్షణం కూతురు గుమ్మరించిన జగ్గుడు చల్లటి నిమ్మరసం ఆయన నెత్తిన పడింది.

బావమరిది తువ్వాలు లాగి నేలకేసి తొక్కాడు. జుట్టుకు ఏమీ కాలేదు. మెడ కమిలిందేమోనని కూతురు రెండు చేతులతో తడిమి చూసింది, ఏమీ లేదు. ముక్కుగారి మీసాల నుంచి నిమ్మగింజ ఒకటి జారి ఒళ్లో పడింది.

"నాన్నా," అంది కూతురు. "ఎప్పట్నుంచి?"

"జూన్ పదకొండు."

"మొన్న జూనా?"

"కాదమ్మా. దాని ముందుది... దానికీ ముందుది."

కూతురు ఇంట్లోకి వెళ్లింది. లోపల బీరువా తలుపు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత వంటింటి అలమర. ఇక అయిపోయిందనుకున్నారు ముక్కుగారు. తన బట్టలు సర్దడానికి పెట్టె వెతుకుతోంది. పెట్టె అటక మీద ఉందని చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించారు.

"నాకు తెలుసు బావా," అన్నాడు బావమరిది. ఆయనకు తెలిసినంతలో బావమరిది గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి. "ఆర్నెల్ల కిందట మా బేకరీకి వచ్చినప్పుడు, పాడైపోయిన క్రీమ్ డబ్బా మూత తీశాను గుర్తుందా? ఇక్కడ నాకు వాంతి వచ్చింది. నువ్వు 'ఆహా' అన్నావ్."

"నువ్వు నవ్వుతూ ఉన్నావు కదరా!"

"నవ్వు కాదు బావా, అది కక్కు ఆపుకోవడం."

"ఆగండాగండి," అన్నాడు అల్లుడు. "చిన్నమావయ్యగారూ, మీ బేకరీలో ఉన్నది గ్యాస్ పొయ్యే కదా?"

"ఎనిమిదేళ్లయింది. బంగారంలాంటి పొయ్యి."

"మరి అంత గొంతు చించుకుని బొగ్గు, బొగ్గు అని..."

"ఈయనకి పెరట్లో గ్యాస్ పెట్టనిస్తానా ఏంటి?" అని, బావమరిది ముక్కుగారి వైపు తిరిగాడు. "నాలుకతో పట్టుకుంటావని తెలిసే బొగ్గు ముక్కల్ని ఒక మూల కావాలని మాడ్చాను. మూడోదానికి చిటికెడు బూడిద కూడా చల్లాను."

ముక్కుగారు నిమ్మరసంలో కూర్చుని ఈ మాట జీర్ణించుకున్నారు. పరువు పోయింది. అయినా ఎందుకో ఒళ్లు తేలికపడినట్టుంది.

కూతురు బయటికి వచ్చింది. చేతిలో పెట్టె లేదు. ఒక పొడి తువ్వాలు, సబ్బు గిన్నె, అందులో పాత పెయింటు బ్రష్షు, చంకలో పొయ్యి పక్కన వేలాడే క్యాలెండర్. ముందు తువ్వాలు ఆయన తల మీద వేసి గట్టిగా తుడిచింది.

"ఈ బ్రష్షేంటి?"

"సబ్బు నీళ్లు పూస్తానమ్మా, ట్యూబుకి. కారుతుంటే బుడగ లేస్తుంది. ముక్కుతో పనిలేదు, కళ్లు చాలు."

"ఈ టిక్కులు?"

"శనివారాలు. రాత్రి పడుకునేముందు వాల్వ్ కూడా కట్టేస్తాను. కట్టేశాక వెళ్లి ఇంకోసారి చూస్తాను."

కూతురు క్యాలెండర్ కాగితాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. కుళాయి వదిలేసిన వారంలో కూడా టిక్కు ఉంది. ఆమె అక్కడ వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అబద్ధాలాడావ్ నాతో. దానికి కోపంగా ఉంది. ఇంకో నెల ఉంటుంది."

"ఉండనీ అమ్మా."

"తాళం సంగతి తర్వాత చూద్దాం." ఆమె క్యాలెండర్ మళ్లీ చంకలో పెట్టుకుంది. "ముందు వంటింట్లో ఏదో ఒకటి చెయ్యాలి."

"గ్యాస్ కారితే అరిచే అలారం ఉంటుంది," అన్నాడు అల్లుడు చటుక్కున. "రేపు నేనొచ్చి బిగిస్తా. నడిరాత్రయినా సరే, వీధి లేచేలా అరుస్తుంది."

"అయితే మా అక్క లేని లోటు తీరినట్టే," అన్నాడు బావమరిది. అందరికంటే ముందు నవ్వింది ముక్కుగారే.

"ఇంతకీ నాలుగో ముక్క దేనిదండీ మావయ్యగారూ? తీర్పు చెప్పలేదు."

"గ్యాస్."

"బొగ్గు," అన్నాడు అల్లుడు, చాలా మర్యాదగా. తర్వాత లేచి, గ్యాస్ గ్రిల్లు మీట కట్టేసి, పీపా దగ్గరికి వెళ్లి విసనకర్ర అందుకున్నాడు. "సర్లెండి, ఎలా విసరాలో చెప్పండి. భుజాలకు మంచిదన్నారు కదా."

చీకటి పడేసరికి గిన్నెలు కడగడం అయింది. బావమరిది నిప్పుల మీద నీళ్లు చల్లి వెళ్లిపోయాడు. అల్లుడు వీధిలో, అరువు తెచ్చిన గ్రిల్లును కారులోకి ఎక్కించే ప్రయత్నంలో ఉన్నాడు. ముక్కుగారు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కిటికీ అవతల, సిలిండర్ ఉండే గూటి ముందు కూతురు గొంతుక్కూర్చుని ఉంది. బ్రష్షుతో ట్యూబు పొడుగునా నురగ పూసింది. టార్చి వేసి చూసింది. తర్వాత మొహం దగ్గరగా పెట్టి గాలి పీల్చింది. అచ్చం ఆయన పీల్చినట్టే, కళ్లు సగం మూసుకుని.

"బుడగలున్నాయా?" అని అడిగారాయన లోపల్నుంచి.

"లేవు. వాసన కూడా లేదు." వాల్వ్ కట్టేసి, ఒక్క క్షణం ఆగి, ఇంకోసారి చేత్తో తిప్పి చూసింది. "శనివారం వస్తాను. బుడగలు నువ్వు చూడు."

మామూలుగా కిర్రుమనే ఆ గూటి రేకు తలుపును ఆమె చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టింది.