తాడు కట్టని దోనె

బడిపిల్లలు దోనెల పరీక్షకు వచ్చిన రోజున నా నావలో రెండు తాళ్లు పెట్టుకున్నాను. ఒక్కో దోనెకు ఒకటి. తాడు కట్టి లాగించుకున్నవాళ్లకు పరీక్ష పోయినట్టే. జయప్రకాష్ మాస్టారు పెట్టిన రూలది. ఆయన స్కౌటు మాస్టారు.

పిల్లలు బోడసకుర్రు రేవులో బయలుదేరి, వైనతేయ నది మీద ఐదు కిలోమీటర్లు సముద్రం వైపు దిగాలి. మడచెట్ల లంక మీద వండుకు తిని, మూడున్నరలోగా మళ్లీ రేవుకు చేరాలి. అంతా తెడ్డుతోనే. నేను ఇంజను నావలో మాస్టారిని ఎక్కించుకుని వెనకాల రావాలి.

“అప్పలరాజు గారూ, మీరు మాత్రం ఏమీ చెప్పకూడదండి. గాలి, నీరు, అన్నీ వాళ్లే చూసుకోవాలి,” అన్నారు మాస్టారు.

“ఆయ్,” అన్నాను. నాకు అది కష్టమైన పని కాదు.

ఒక దోనెలో నాగసతీష్, సాయి కిరణ్. ఇంకోదానిలో షైనీ, సత్యవేణి. నలుగురూ పదో తరగతి. నిరుడు ఇదే పరీక్షలో షైనీకి నేనే తాడు వేశాను. తిరుగుదారిలో చేతులు పడిపోయి దోనె అడ్డం తిరిగింది. అప్పట్నుంచి బళ్లో ‘తాడు షైనీ’ అంటున్నారట. ఈసారీ పోతే ఇంక లేదు. పదో తరగతి దాటితే ఆ పిల్లకు ఈ బడీ ఉండదు, ఈ దోనెలూ ఉండవు.

“ఏం తాడూ, ఈసారైనా గట్టిది తెచ్చేరా తాతగారు?” అన్నాడు నాగసతీష్ రేవులోనే.

“నీకూ ఒకటి తెచ్చేర్రా. చూసుకో,” అంది సత్యవేణి.

షైనీ నా చేతివంక చూస్తోంది. నావ తోసేముందు నానిన కొబ్బరి పీచు డొక్క ముక్కొకటి నీళ్లలో పడేస్తాను. మా నాన్న చేసేవాడు. గాలికి అలలు ఒకవైపు పోతుంటే అడుగున నీరు ఇంకోవైపు పోవచ్చు. నానిన డొక్క సగం మునిగి ఉంటుంది. గాలి మాట వినదు, నీటితోనే పోతుంది.

“అదెందుకండి తాతగారూ?” అంది షైనీ.

మాస్టారు నావంక చూసి తల అడ్డంగా ఊపారు. నేను ఇంజను తిప్పాను.

దిగేటప్పుడు నీరే తీసుకుపోయింది. లంక మీద అన్నం, కోడిగుడ్ల కూర వండారు. ఉప్పు ఇద్దరు వేశారు. తిన్నాను.

మాస్టారు ఫోను చూశారు. “ఒంటిగంటకి పోటు మొదలు. నీరే మనల్ని పైకి తోసేస్తుంది. దోనెలు దింపేయండి.”

ఫోనులో ఉన్నది తప్పు కాదు. కాని అది మొగ దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, టైము. లంక దాకా పోటు ఎక్కి రావడానికి ఇంకో గంట పైన పడుతుంది. అందాకా నది కిందికే దిగుతుంది. ఆపైన ఆ వేళ దక్షిణపు గాలి. అలలు చూస్తే రేవు వైపే పోతున్నట్టున్నాయి.

మగపిల్లలు కేకలేసుకుంటూ వెళ్లిపోయారు. షైనీ ఒక కాలు దోనెలో పెట్టి ఆగింది. వెనక్కి వెళ్లి, పొయ్యి దగ్గర మిగిలిన డొక్క ఒకటి తెచ్చి, నీళ్లలో ముంచి పిసికి, వదిలింది. డొక్క సముద్రం వైపు పోయింది. ఆ పిల్ల గట్టు మీదే నిలబడిపోయింది.

“ఎక్కవే,” అంది సత్యవేణి.

“నీరు కిందికే పోతోందే.”

“అలలు పైకి పోతుంటే నీరు కిందికెలా పోద్దే?”

“పోతోంది. నువ్వే చూడు.”

“షైనీ, టైమవుతోందమ్మా,” అని అరిచారు మాస్టారు.

“పోటు ఇంకా రాలేదండి మాస్టారూ.”

“ఫోనులో ఉంది కదమ్మా!”

“నీళ్లలో లేదండి.”

మగపిల్లలు అరగంట తెడ్లేసి, నదిలో పాతిన వల గుంజల దాకా వెళ్లారు. అక్కడ తెడ్డు ఆడుతూనే ఉంది, గుంజ మాత్రం పక్కనే ఉంది. తర్వాత వెనక్కి జారడం మొదలుపెట్టారు. రెండింటికల్లా మా ముందు నుంచే మొగ వైపు కొట్టుకుపోతున్నారు.

“తాడు వెయ్యండి,” అన్నారు మాస్టారు. వెళ్లి వేశాను. సాయి కిరణ్ అరచేతులు బొబ్బలెక్కాయి.

లంకకు తిరిగి వచ్చేసరికి షైనీ మూడో డొక్క వదిలింది. అదీ కిందికే పోయింది.

“మూడున్నర దాటితే నేనేం చెయ్యలేనమ్మా,” అన్నారు మాస్టారు. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించారు. “ఏమంటారండి, నీరు మారుతుందా?”

“చెప్పొద్దన్నారు కదండీ.”

ఆయన మళ్లీ ఫోను చూసుకున్నారు.

ఐదో డొక్క వదిలిన చోటే నిలబడింది. గుండ్రంగా ఓసారి తిరిగింది. మెల్లగా రేవు వైపు కదిలింది.

“ఎక్కవే!” అంది షైనీ. రెండూ ఇరవై అయింది.

మేము దూరంగా వెనకాల వచ్చాం. మగపిల్లల దోనె మా తాడుకు ఉంది. సగం దారిలో సత్యవేణి తెడ్డు నెమ్మదించింది, దోనె కొంచెం పక్కకు లాగింది. నేను రెండో తాడు మీద చెయ్యి వేశాను. షైనీ వెనక్కి తిరిగి చూసింది.

“చెయ్యి తియ్యండి తాతగారూ!”

తీశాను.

మూడూ ఇరవైఆరుకు రేవులో దిగారు. మాస్టారు పుస్తకంలో రాసుకున్నారు.

“తాడు సతీషూ, నెమ్మదిగా దిగు నాయనా,” అంది సత్యవేణి.

నాగసతీష్ తల వంచుకుని దిగాడు.

“ఊరుకోవే,” అని, షైనీ నా నావ దగ్గరకు వచ్చి నిలబడింది. “తాతగారూ, నిరుడు కూడా మమ్మల్ని ఫోను చూసే దింపేరు కదండీ. అప్పుడూ ఇంతేనా? నా చేతులు కాదా? నీరేనా?”

నేను మాస్టారి వంక చూశాను. ఆయన పుస్తకం మూశారు.

“చెప్పండి,” అన్నారు. “పరీక్ష అయిపోయింది కదా.”

“ఆయ్,” అన్నాను. “నీరేనమ్మా.”

షైనీ వెళ్లి దోనెలో నీళ్లు తోడిపోసింది.

మగపిల్లలకు వేసిన తాడు గట్టు మీద ఆరేశాను. రెండోది పొడిగానే ఉంది. చుట్టింది చుట్టినట్టే తీసి లోపల పెట్టాను.