దేవుడి వీపున డ్రిల్లు గాడి

ఎండ నడినెత్తిన ఉంది. గుంతలో బయటపడ్డ దేవుడి మీద బిందెల కొద్దీ పాలు పోస్తున్నారు. పోసినకొద్దీ దేవుడికి అంటిన మట్టి కొట్టుకుపోయి, వీపు మీద గాడి బయటపడుతోంది. వేలు పట్టేంత గాడి, పైనుంచి కిందికి నిటారుగా. క్వారీలో బండ చీల్చేటప్పుడు మిషనుతో డ్రిల్లు వేస్తే మిగిలే గుర్తు. గ్రానైటు క్వారీల బర్గూరు చుట్టుపక్కల అది ఎవరికి తెలియదు? పూజారి గబగబా పసుపు గుడ్డ కప్పి, ఈశ్వరప్రసాద్ చెవిలో ఊదాడు.

ఈశ్వరప్రసాద్ ప్లాట్ల వ్యాపారి. లేఅవుట్ వేసినప్పుడు చట్టం ప్రకారం జనానికి వదిలిన జాగా ఇది. అంగన్‌వాడీ కడతామని రెండేళ్లుగా బోర్డు ఉంది. ఇరవైమంది పిల్లలు ఎదురుగా రేకుల షెడ్డులో ఉడికిపోతున్నారు. కట్టడానికి మంజూరు వచ్చిన వారంలోనే దేవుడికి సరిగ్గా ఆ బోర్డు పక్కన నేలలోంచి తానే పుట్టాలనిపించింది. ఈమధ్య దేవుళ్లకు సర్వే నంబర్లు కూడా తెలుస్తున్నాయి. జాగా సంగతి తేల్చే ఆఫీసరు మూడు గంటలకు వస్తున్నాడు. ఆయన చెప్పులు విడిచి దండం పెట్టాడంటే అంగన్‌వాడీ పోయినట్టే, గుడి పేరున జాగా మళ్లీ ఈశ్వరప్రసాద్ చేతికి వచ్చినట్టే.

అందుకే కారు పంపి తిమ్మయ్యను పిలిపించారు. ఆయన వచ్చేసరికి రెండు దాటింది. అరవై ఏళ్ల మనిషి, రాళ్లు చెక్కి బతుకుతాడు. గుంత అంచు నుంచే వంగి గుడ్డ ఎత్తి చూశాడు. తను చెక్కిన రాయే. నెల కిందట ఈశ్వరప్రసాద్ డ్రైవరు తోటలో పెట్టుకోవడానికని నాలుగువేల ఐదువందలకు కొన్నాడు. గోడకు ఆనిస్తాం, వెనకవైపు చెక్కొద్దన్నాడు.

"ఇది నేను కొట్టిన రాయి కదప్పా!"

"మెల్లగా మాట్లాడు" అన్నాడు ఈశ్వరప్రసాద్. "అరగంట పని. ఆ గాడి కనపడకుండా చెక్కేయ్. గుడి మెట్లు, స్తంభాలు అన్నీ నీకే. ఆరు నెల్లు పని ఉండాది."

ఆ రాయి తర్వాత తిమ్మయ్య ఉలికి పని లేదు. గుంతలోకి దిగాడు. దేవుడికి అలంకారమని మైకులో చెప్పి, గుంత మీద వేసిన పందిరి చుట్టూ తెర కట్టారు. ఎంత సిగ్గో దేవుడికి! గుంతలో నిలిచిన పాలు తిమ్మయ్య కాళ్ల కింద విరిగి కంపు కొడుతున్నాయి.

తెర అవతల అంగన్‌వాడీ టీచరు ఇంద్రాణి గొంతు వినిపించింది. "షెడ్డులో ఎండకు ఇద్దరు బిడ్డలు వాంతి చేసుకున్నారప్పా. పందిట్లో రవ్వంత నీడ ఇయ్యండి."

"పోమ్మా! దేవుడుండే చోటు. బిడ్డలు ఉచ్చ పోస్తే మైల ఎవురు కడగాల?" అని గుడి కమిటీ మనిషెవరో కసిరాడు.

తిమ్మయ్యకు రోత పుట్టింది. ముందు ఆ మాటన్నవాడి మీద, తర్వాత ఉలి పట్టుకున్న తన చేతుల మీద. ఒక్క దెబ్బ కూడా వేయకుండానే ఉలి సంచిలో పెట్టి పైకొచ్చాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఈశ్వరప్రసాద్.

"లేదప్పా. నేను చెక్కను."

"ఆఫీసరు బర్గూరు దాటినాడు! ఇప్పుడు ఎట్లప్పా?"

"తానే పుట్టినాడని మైకులో చెప్తాండారు కదా. మిగిలింది గూడా తానే చెక్కుకోనీ."

తిమ్మయ్య పసుపు గుడ్డ లాగి పక్కన పడేశాడు. తెర తాడు విప్పి కేకేశాడు. "రామ్మా ఇంద్రాణమ్మా, బిడ్డల్ని తీసుకొచ్చి ఈడ కూర్చోబెట్టు."

పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా వచ్చారు. పూజారి అడ్డుపడేలోగా ఒక పాప దేవుడి వీపున గాడిలో వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా జార్చింది. రోడ్డు మీద ఆఫీసరు జీపు ఆగిన చప్పుడయింది.