మలుపులు చెప్పే మనిషి

"పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనా తల్లీ? బస్సులో అందరూ కూర్చోవడం లేదూ!" అంది అత్తగారు, పెరట్లో కుర్చీ వేయించుకుని.

కోడలు ఆ సమయానికి భర్త రేసు దుస్తుల్ని తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కుతోంది. వాటిలోంచి దిగిన మట్టిని ఆరబోస్తే చిన్న ఇల్లు కట్టుకోవచ్చు, మిగిలిన దానితో పైన ఇంకో గది కూడా లేపొచ్చు. ఆయనవి ఉతకాలి, తనవి ఉతకాలి, రెండు హెల్మెట్లూ తుడిచి నీడన పెట్టాలి. కార్ల ర్యాలీలో ఇద్దరూ ఒకే కారులో, ఒకే దుమ్ములో తిరిగి వస్తారు. ఇంటికొచ్చాక మాత్రం ఆయన అలిసిపోతాడు, ఆమె వంటింట్లోకి వెళుతుంది. అత్తగారికి జవాబు చెప్పాలంటే చాలా చెప్పాలి. కొండదారిలో కారు దూసుకుపోతున్నప్పుడు డ్రైవరుకు ఎదురుగా ఉన్న మలుపు తప్ప దాని వెనక ఏముందో కనబడదు. దాన్ని ముందే చూసి, రాసిపెట్టుకుని, వేళకు చెవిలో వేసేది పక్క సీటు. కారును ఆయన నడుపుతాడు, ఆయన్ను ఆమె నడుపుతుంది. ఈ మాట పైకి అంటే ఆ పూట ఇంట్లో ఎవరూ భోజనం చెయ్యరు. "అవునత్తయ్యా, కూర్చోవడమే" అని మరో రెండు తొక్కులు గట్టిగా తొక్కింది.

ఆమెకు అక్షరాలు నిలబడవు. పుస్తకం తెరిస్తే చాలు, మూత తీసిన చక్కెర డబ్బాలో చీమల్లా తలోదిక్కూ పరుగులు పెడతాయి. బడిలో ఆమె బెంచీ ఎక్కి నిలబడ్డ గంటలన్నీ కూడితే ఆ బెంచీని ఆమె పేర రాసివ్వాల్సింది. టీచర్లు మొద్దు అన్నారు, కన్నతల్లి బద్ధకం అంది. పెద్దయ్యాక ఒక డాక్టరమ్మ దానికి డిస్లెక్సియా అని పేరు చెప్పింది. పేరు తెలిసిందని చీమలు ఆగుతాయా! కానీ ఒక్కసారి చూసిన దారి మాత్రం ఆమె కళ్ళముందు బుద్ధిగా నిలబడేది. కళ్ళు మూసుకుని రాయి రాయినీ పలకరించగలదు. అందుకే మిగతావాళ్ళలా కాకుండా నోట్స్ బొమ్మలతో వేసుకుంది. దారి కాస్త వంగితే గరిటె కాడ, బాగా వంగితే కొడవలి, వెనక్కి తిరిగినంత పని చేస్తే జడపిన్ను, మిట్ట ఎక్కి దిగేచోట బోర్లించిన గిన్నె. ఎడమవన్నీ నీలం, కుడివన్నీ ఎరుపు. నోరు తెరిస్తే మాత్రం అందరి భాషే. ఒకటి అంటే కారు దాదాపు ఆగి తిరగాల్సిన మలుపు, ఆరు అంటే తిన్నని దారికి చెల్లెలు.

ఈ బొమ్మల సంగతి భర్త ఒక్కడికే తెలుసు. పెళ్ళైన కొత్తల్లో ఆయన ఒళ్ళో తల పెట్టి ఏడిస్తే ఆయనే కళ్ళు తుడిచాడు. "పిచ్చిదానా, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నలుగురికీ తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నాడు. ఆమె దాన్ని ప్రేమ అనుకుంది. తర్వాత తర్వాత ఏ చిన్న మాటా మాటా వచ్చినా, ఆయన నవ్వుతూనే "చెప్పెయ్యనా మరి అందరికీ?" అనేవాడు. ఆమె కూడా నవ్వేసి పోట్లాట ఆపేసేది. అలా ఎన్ని పోట్లాటల్లో ఓడిపోయిందో లెక్కలేదు. ఓడిపోయానని కూడా తెలియకుండా ఓడిపోవడం ఒక విద్య, ఆడవాళ్ళకు అది ఇంట్లోనే నేర్పుతారు.

అసలు గొడవ మొన్నటి ర్యాలీలో జరిగింది. ఆఖరి దశ, ముందున్నది వీళ్ళే. "మిట్ట దాటగానే ఎడమ మూడు, ముడుచుకుంటుంది, బ్రేక్!" అని ఆమె గొంతు చించుకుంది. ఆయన వినలేదు. గట్టు మీద కెమెరాలు కనబడ్డాయి మరి. తను వస్తుంటే గాలే పక్కకు తప్పుకుని దారిస్తుందని స్నేహితులతో చెప్పుకునే మనిషి. గాలి తప్పుకుంది గాని మలుపు తప్పుకోలేదు. కారు మిట్ట మీంచి లేచి, నేరుగా వెళ్ళి గోతిలో కూర్చుంది. ఇద్దరికీ గీతలు పడ్డాయి తప్ప ఏమీ కాలేదు. గెలవాల్సిన కప్పు మాత్రం పోయింది.

సాయంత్రం గుడారంలో టీము యజమాని అందర్నీ కూర్చోబెట్టి "ఏం జరిగింది?" అని అడిగాడు. మణికట్టుకు కట్టుతోనే ఆమె అందరికీ టీ అందిస్తోంది. అది ఆమె పని అని ఎవరూ చెప్పలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. భర్త తల వంచుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "తప్పు నాదే అనుకోండి సార్. మా ఆవిడకు చిన్నప్పట్నుంచీ అక్షరాల జబ్బు ఉంది. చదవలేదు. ఒకటి చూసి ఇంకోటి చెప్పేస్తుంది. పాపం, బాధపడుతుందని ఇన్నాళ్ళూ నేనే దాచుకొచ్చాను."

ఆమె చేతిలో టీ కప్పు ఉంది, యజమాని చెయ్యి దానికోసం చాచి ఉంది. కప్పు అందించిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం గుర్తుంది. అందరూ లేచి ఆయన భుజం తట్టారు. "ఎంత మనసయ్యా నీది! కట్టుకున్నదాని లోపాన్ని కడుపులో పెట్టుకున్నావు" అన్నారు. యజమాని ఆమె వైపు తిరిగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, "ముందే చెప్పాల్సిందమ్మా! ఇక విశ్రాంతి తీసుకో!" అన్నాడు. ఓడినవాడు దేవుడైపోయాడు, దారి చెప్పినది రోగి అయిపోయింది. కారులోని కెమెరాలో మాటలన్నీ ఉంటాయి కదా, వినండి అని నోటి దాకా వచ్చింది. కానీ మొగుడే చెప్పాక కెమెరా మాట ఎవరికి కావాలి?

కారును గోతిలోంచి లాగించిన పెద్ద మెకానిక్ బయట తచ్చాడుతూ కనబడ్డాడు. "అమ్మా, మీవారు ఆ కెమెరా రికార్డింగు మీటింగుకు ముందే విన్నారు. నేను పక్కనే ఉన్నాను. మీ మాట గంట కొట్టినట్టే ఉంది. విని, తుడిచేశారు" అన్నాడు. అని, ఆమె మొహం చూడలేక కాళ్ళ దగ్గరి స్పానరు తీసి జేబులో పెట్టుకున్నాడు.

భయపడి నోరు జారి ఉంటాడని అప్పటి దాకా ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంటోంది. విన్నాడన్నమాట. తన గొంతు విని, అది నిజమని తెలిసి, అప్పుడు లేచి వెళ్ళి చెప్పాడన్నమాట.

ఇంటికి వెళ్ళే దారిలో అడిగింది. "విన్నారట కదా?"

"విన్నాను. ఏం చెయ్యమంటావు? తప్పు నాదంటే నా సీటు పోతుంది. నీ సీటు పోతే ఏముంది, నీకు ఇల్లుందిగా" అన్నాడాయన, ఏమాత్రం కోపం లేకుండా. కోపం ఉన్నా బాగుండేది.

వారం తిరక్కుండానే మందుల షాపులో ఒక విచిత్రం జరిగింది. ఎప్పుడూ చీటీ ఇచ్చి గబగబా వచ్చేసే మనిషి ఆ రోజు కౌంటరు దగ్గర నిలబడి, "ఏది పొద్దునో ఏది రాత్రో చదివి చెప్పండి, నాకు అక్షరాలు నిలబడవు" అనేసింది. షాపతను చదివి చెప్పాడు. "ఇంకేమైనా కావాలా మేడమ్?" అన్నాడు. అంతే. ఆకాశం కూలలేదు, షాపు కూడా కూలలేదు. ఇన్నేళ్ళూ దీనికోసమా నోరు మూసుకుంది? ఆ రహస్యమనే తాడు చివర పట్టుకున్నవాడు, నలుగురి ముందూ గొప్పకు పోయి, తనంతట తానే దాన్ని వదిలేశాడని బయట మెట్ల మీద నిలబడ్డప్పుడు ఆమెకు తట్టింది.

మర్నాడు రైలుబండి ఫోను చేసింది. రైలుబండి అంటే ఇంకో టీము డ్రైవరు, నలభై దాటిన ఆవిడ. ఆవిడ గుసగుసలాడితే పక్కూళ్ళో పడుకున్నవాళ్ళు లేచి కూర్చుంటారు, అందుకని ఆ పేరు.

"అమ్మాయ్, మీ ఆయన చెప్పింది నిజమేనా?"

"అక్షరాల సంగతి నిజమండీ. మలుపు సంగతి అబద్ధం."

"అక్షరాలు నాకెందుకు, నేనేమైనా ఉత్తరాలు రాయించుకుంటానా? నా పక్కన కూర్చుంటావా?"

"ఆలోచించుకుని చెబుతానండీ" అంది. ఆలోచించాల్సింది ఏముందో ఆమెకే తెలియదు. కాపురం అనే మాట అలవాటుగా అడ్డమొచ్చింది, అంతే.

ఆదివారం భర్త కొత్త పక్కసీటును ఇంటికి తీసుకొచ్చాడు. కాలేజీలో లెక్చరరు. అక్షరాలు ఆయన ముందు వరసలో నిలబడి సెల్యూట్ కొడతాయి. చదువుతుంటే ఎంత చక్కగా ఉంటుందంటే, వాక్యం పూర్తయ్యేసరికి కారు ఆ మలుపు దాటి ఇంకో మలుపులో ఉంటుంది. తర్వాతి ర్యాలీ దారి వీడియో టీవీలో పెట్టి ఇద్దరూ నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టారు. 

"ఏయ్, టీ తీసుకొచ్చి నువ్వూ ఇక్కడ కూర్చో" అని కేకేశాడు భర్త. "నువ్వు చూసి మలుపులు చెబుతూ ఉండు, మాస్టారు రాసుకుంటారు. ఇంట్లో ఊరికే ఉంటే నీకూ పొద్దుపోదు."

ఆమె ట్రేతో గుమ్మంలోనే నిలబడింది. టీవీలో దారి పెద్ద బండ పక్కనుంచి వంగి మాయమైంది. 

"కుడి నాలుగు" అన్నాడు భర్త. 

"కుడి... నాలుగు" అని లెక్చరరు ముత్యాల్లా రాశాడు.

బండ నీడ దారి మీద ఎలా పడిందో ఆమె చూసింది. ఆ నీడ కొసలో దారి కొడవలిలా ముడుచుకుంది. నాలుగనుకుని వస్తే ఇద్దరూ బండకు గుద్దుకుంటారు. ఇప్పుడు తను మాట్లాడకపోతే తప్పుపట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, ఆవిడకు చదవడం రాదుగా అంటారు. ఆ ఆలోచనను ఆమె అక్కడే తుంచేసింది. 

"నాలుగు కాదు. రెండు. బ్రేక్" అంది.

భర్త వీడియో వెనక్కి తిప్పి, ఆపి, ముక్కు టీవీకి ఆనేటంత దగ్గరగా వెళ్ళి చూశాడు. మొహంలో కాస్త నెత్తురు తగ్గింది. అంతలోనే నవ్వేశాడు. "చూశారా మాస్టారూ? చదువు లేకపోయినా కళ్ళు మాత్రం డేగకళ్ళు! రా, ఇలా వచ్చి కూర్చుని మిగతావి కూడా చెప్పు."

ఆమె ట్రే తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"మిగతావి చెప్పనండీ. ఆ దారిలో నేనూ వస్తున్నాను, మీ వెనక కారులో, రైలుబండి పక్కన. మీరు అక్కడ అడ్డంగా పడి ఉంటే మాకు దారుండదని ఈ ఒక్కటీ చెప్పాను."